ఎడమ కుండ

కుండను కళ్ళతో కాదు, చెవితో కొనాలని మా అమ్మ నేర్పింది. ఎడమచేత్తో మూతి పట్టుకుని, కుడిచేతి వేలి కణుపులతో పొట్ట మీద రెండు దెబ్బలు వెయ్యాలి. బాగా కాలిన కుండయితే ఖంగుమంటుంది. కంటికి కనపడని బీట ఎక్కడున్నా సరే, జలుబు చేసిన గొంతులా బొంగురుగా పలుకుతుంది. డెబ్భైల మొదట్లో, మా పెళ్ళయిన రెండో ఏడు, మా ఆయన నన్ను సైకిలు వెనక ఎక్కించుకుని, కృష్ణ దాటించి, మంగళగిరి రోడ్డులో ఒక కుమ్మరి ఇంటి ముందు దింపారు.

"రెండు కుండలు ఏరు. రెండూ ఒకేలా మోగాలి," అన్నారు.

"నీళ్ళకా, వంటకా?"

"పాటలకి."

ఈయనకి మతిపోయిందనుకున్నాను. కుమ్మరి కూడా అదే అనుకుని ఉంటాడు. ఎండలో కూర్చుని ముప్పై కుండల దాకా వాయించాను. చివరికి రెండు దొరికాయి. ఒకటి తడితే రెండోది పలికినట్టు ఉండేవి. ఆ రెంటినీ ఒళ్ళో పెట్టుకుని, ఇంటి దాకా సైకిలు మీద ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. ఆ రెండింట్లో ఒకటి ఏమైందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. చాలా ఏళ్ళు ఎవరికీ చెప్పలేదు. మా పిల్లలకి కూడా తెలియదు.

మా ఆయన కాలేజీలో ఫిజిక్సు డిమాన్‌స్ట్రేటరు. లెక్చరరు కాలేదన్న ఉక్రోషం అంతా తీసుకొచ్చి శబ్దం మీద పెట్టారు. పెళ్ళినాటికి ఆయనకున్న ఆస్తి వాళ్ళ నాన్నగారి పాత వాల్వు రేడియో ఒకటి. నేను కాపురానికి వచ్చిన వారంలోనే దాని పొట్ట విప్పి మంచం మీద పరిచి, నన్ను చాప మీద పడుకోమన్నారు. ఆ తర్వాత ఎవరో అమ్ముకుంటున్న రికార్డు ప్లేయరు వచ్చింది. దానికి సరిపడా ఆంప్లిఫయరు తానే కట్టుకున్నారు. ట్రాన్స్‌ఫార్మరు చుట్టడానికి రాగితీగ పట్టుకుని నేను వంటింట్లో నిలబడితే, ఆయన పడమటి గదిలో కూర్చుని లెక్కపెడుతూ చుట్టేవారు. మధ్యలో నేను తుమ్మితే మళ్ళీ మొదటికి. ఒక్క స్పీకరు చాలదు, స్టీరియో కావాలి, కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి అన్నారు. పెట్టెకి టేకు చెక్క ఎక్కడ కొంటాం? కుండకి అతుకులుండవు, మూలలుండవు, అదరదు, బేసు గుండ్రంగా వస్తుంది అని ఎక్కడో చదివారు. అప్పట్లో బెజవాడలో కుండ స్పీకర్లు పెట్టుకున్న ఇళ్ళు అక్కడక్కడా ఉండేవి. ఎనిమిదంగుళాల స్పీకరును కుండ మూతి మీద బిగించి, సందులో సైకిలు ట్యూబు కోసి అతికిస్తే గాలి పోదు. తీగ లోపలికి వెళ్ళడానికి మాత్రం కుండకి ఒక చిల్లు పెట్టాలి.

ఆ చిల్లు పెట్టే పని నాది. వంటింటి పాత కుండ మీద ప్రయత్నించి ఆయన దాన్ని రెండు ముక్కలు చేశారు. నేను మేకు మొన పెట్టి, నీటిచుక్కలు వేసుకుంటూ, వేళ్ళ మధ్య అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాను. తొందర పడకపోతే కుండ పగలదు. ఒక్కోదానికి అరపూట పట్టింది. నేను నర్సుని కదా, నొప్పి లేకుండా సూది దించడం నా ఉద్యోగం, అని నవ్వాను కూడా.

మేము అద్దెకుండే ఇల్లు వన్ టౌన్‌లో. ముందు భాగమంతా ఇంటాయనది. ఎండుమిరప వ్యాపారి. ఇంటాయన అని రాస్తున్నాను గానీ, అప్పుడు గారు, అండీ లేకుండా ఆయన ముందు నోరు విప్పేదాన్ని కాదు. ఆ మర్యాద మానేసి చాలా ఏళ్ళయింది. వెనక రెండు గదుల పోర్షన్ మాది. మేము క్రైస్తవులమని తెలిసే ఇచ్చారు. శుక్రవారం నీచు వండకూడదు, వాళ్ళ లోపలి వసారా గడప దాటకూడదు, ఇవీ షరతులు. ఆసుపత్రికి దగ్గరని ఒప్పుకున్నాం.

మా పడమటి గదికీ వాళ్ళ చివరి గదికీ ఒకటే గోడ. ఆ గోడ అవతల ఇంటాయన తమ్ముడు మంచంలో ఉన్నాడు. ముప్పై ఐదేళ్ళుంటాయి, పెళ్ళి కాలేదు. గోడౌనులో పేర్చిన బస్తాల నెట్టు మీంచి పడి నడుము కింద చచ్చుబడింది. మేము దిగిన మొదటి రోజే అతని అరుపులు విన్నాం. పొద్దున మొదలయితే మధ్యాహ్నం దాకా బూతులు, ఏడుపు, మళ్ళీ బూతులు. ఇంటాయన వచ్చి చేతులు కట్టుకుని చెప్పాడు.

"ఏమనుకోకండి మాస్టారూ. దెబ్బకి వాడి మతి కూడా చెడింది. నొప్పేం లేదు, నడుం కింద తెలివే లేదుగా. ఊరికే అరుస్తాడు. పాటలు గట్రా వినపడితే నెమ్మదిస్తాడు. మీకు ఎటూ ఆ సరదా ఉందంట. కాస్త గట్టిగానే పెట్టుకోండి, మాకేం అభ్యంతరం లేదు."

అద్దె ఇంట్లో పాట గట్టిగా పెట్టుకోమన్న ఓనరు ఇంకెక్కడ దొరుకుతాడు? మా ఆయన పొంగిపోయారు. నేనూ పొంగిపోయాను. ఆ కారణం ఇక్కడ రాయకపోతే మిగతాది రాసి ఉపయోగం లేదు. నాకు నైట్ డ్యూటీలు ఎక్కువ. పొద్దున ఎనిమిదింటికి ఇంటికొచ్చి పడుకుంటే ఆ అరుపులకి కన్ను మూతపడేది కాదు. పాటయితే ఎంత పెద్దదైనా సరే, అందులో మాట లేదనుకుని నిద్రపోగలను. మనిషి అరుపులో నిద్రపోవడం కుదరదు, ముఖ్యంగా నర్సుకి. అందుకని ఆ సిస్టమ్ నాక్కూడా కావలసి వచ్చింది.

కుండలకి స్పీకర్లు బిగించిన రోజున ఇంటాయన చూడ్డానికి వచ్చాడు. కుడి కుండని చుట్టకుదురు మీద కిటికీ పక్కన పెట్టాం. ఎడమ కుండ ఎక్కడా కుదరడం లేదు. ఆయనే చెయ్యి చూపించాడు.

"ఆ గూట్లో పెట్టండి మాస్టారూ. మా నాన్న దీపాలకని కట్టించాడు. కుండకి కొలత తీసినట్టుంటుంది."

నిజంగానే కొలత తీసినట్టు కూర్చుంది. ఆ గూడు రెండు ఇళ్ళకీ మధ్యనున్న గోడలోది, వెనక ఒక్క వరస ఇటుకే ఉంది. కుండ అడుగు ఆ ఇటుకకి ఆనింది. పాట పెడితే గది మొత్తం గుమ్మని మోగింది. తబలా దెబ్బ పక్కటెముకల్లో తెలిసేది. మా ఆయన కళ్ళు చెమర్చాయి. ఇంటాయన తల ఊపి, "ఇంకాస్త పెంచండి," అన్నాడు.

అలా మొదలయింది. గోడ అవతల అరుపు మొదలవగానే ఇవతల పాట మొదలు. మా ఆయన కాలేజీకి వెళ్తూ రికార్డు పెట్టి వెళ్ళేవారు, అది అయిపోతే నిద్రకళ్ళతో నేనే లేచి తిప్పి పెట్టేదాన్ని. తర్వాత స్పూలు టేపురికార్డరు సంపాదించారు. గంటసేపు ఆగకుండా వస్తుంది, నువ్వు లేవక్కర్లేదు అన్నారు. మంచి మొగుడు. ముందు వాకిట్లో గుంటూరు నుంచో తెనాలి నుంచో బేరగాళ్ళు వచ్చి కూర్చుంటే, ఇంటాయన గుమాస్తా మా గుమ్మంలోకి వచ్చి, "అయ్యగారు కాస్త పెంచమంటున్నారండీ," అనేవాడు. పాటంటే ఆయనకెంత ప్రాణమో అని మా ఆయన మురిసిపోయేవారు. నాకు అప్పుడే అనుమానం రావలసింది. వచ్చింది కూడా. వచ్చిన అనుమానాన్ని దుప్పటి కింద పెట్టుకుని పడుకున్నాను.

నెల తిరక్కుండా ఎడమ కుండలో దోషం కనిపించింది.

పాట మధ్యలో 'ధబ్' మని ఒక చప్పుడు. తాళంలో పడదు, రాగంలో పడదు. రెండు మూడు వరసగా, మళ్ళీ కాసేపు ఏమీ ఉండదు, మళ్ళీ మూడు. ఎడమ కుండలోనే. మా ఆయన అన్నం మానేసి దాని వెంట పడ్డారు. స్పీకరు కోను వదులయిందన్నారు. కుడి కుండ స్పీకరు ఎడమదానికీ, ఎడమది కుడిదానికీ మార్చి చూశారు, చప్పుడు ఎడమ కుండలోనే ఉంది. ఆంప్లిఫయరులో ఆ వైపు వాల్వు మార్చారు. తీగ మార్చారు. అక్కడితో ఆగక, పాత ఆంప్లిఫయరే పనికిరాదని ట్రాన్సిస్టర్లతో కొత్తది కట్టారు. రికార్డుల కోసమని దాచుకున్నది ఇందులో పోయింది. శబ్దం మునుపటికన్నా ఎంతో శుభ్రమయింది, దాంతో పాటు ఆ 'ధబ్' కూడా శుభ్రంగా వినపడింది.

"గోడవతల ఏమన్నా పడుతోందేమో?" అని ఒకసారి అడిగాను.

ఆయన మాస్టారి లెక్కన వేళ్ళు ముడిచి చెప్పారు. "చూడు, పాట ఆపితే చప్పుడు రాదు. పెడితేనే వస్తుంది. ఎన్నిసార్లు పరీక్షించినా అంతే. అంటే దోషం సిస్టమ్‌లోదే. గోడదయితే పాట లేనప్పుడు కూడా రావాలి కదా."

తర్కంలో ఎక్కడా బీట లేదు. పాట లేనప్పుడు గోడ అవతలి మనిషి అరుస్తాడు. ఆ అరుపు వింటే చాలు, మేము ఇంకేమీ వినం.

నన్ను ఎక్కువ బాధపెట్టిన సంగతి ఇది: ఆ చప్పుడు పోగొట్టమని ఆయన్ని పోరింది నేనే. పాటలో నిద్రపోవచ్చు, కానీ ఆ తాళం తప్పిన దెబ్బ వినపడితే మెలకువ వచ్చేసేది. డ్యూటీలో పేషెంటు గంట మోగితే లేచినట్టు ఒళ్ళు దానంతటదే లేచి కూర్చునేది. "దాన్ని బాగన్నా చెయ్యండి, లేకపోతే గోదాట్లో పారెయ్యండి," అని అరిచాను ఒకనాడు. కృష్ణ ఒడ్డున ఉండి గోదారి ఎందుకొచ్చిందని ఆయన నవ్వారు. నేను నవ్వలేదు.

చివరికి ఆయన గూటినే అనుమానించారు. గూడు కుండని అదరగొడుతోందన్నారు. బూరుగుదూది బొంత ఒకటి నాలుగు మడతలు వేసి గూటి వెనక గోడకి దట్టంగా కూరారు, కుండ లోపల కూడా దూది నింపారు. కుండ తెచ్చి పెట్టి పాట వేశాం. ఇద్దరం ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. రికార్డు ఒక వైపంతా అయింది. ఎక్కడో అడుగున, వినాలనుకుని వింటే తప్ప వినపడనంత మెత్తగా ఒకటి రెండు దెబ్బలు. అంతే. మా ఆయన లేచి నా రెండు చేతులూ పట్టుకున్నారు. ఆ పూట సేమ్యా పాయసం చేశాను. ఇంటాయనకి కూడా గిన్నెలో పంపాం. వాళ్ళు మా ఇంటి వంట తినరని తర్వాత గుర్తొచ్చింది, గుమాస్తా తిన్నాడనుకుంటాను.

ఆ తర్వాత రెండు నెలలు హాయిగా నిద్రపోయాను. అంత మంచి నిద్ర మళ్ళీ నాకు రాలేదు.

ఎండలు ముదిరాయి, కరెంటు కోతలు మొదలయ్యాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం చర్చి నుంచి వచ్చి భోజనాలు చేసి, మా ఆయన రికార్డు పెట్టారు. పాట సగంలో ఉండగా కరెంటు పోయింది. రికార్డు మెల్లగా మూలుగుతూ ఆగింది. వీధిలో కూడా చప్పుడు లేదు.

ధబ్. ధబ్. ధబ్.

పాట లేదు. కరెంటు లేదు. ఆ మెత్తటి చప్పుడు మాత్రం గూట్లోంచి వస్తూనే ఉంది. పాట ఆగిందని అవతల తెలియడానికి పట్టినంత సేపు వచ్చి, ఆగిపోయింది.

మా ఆయన లేచి వెళ్ళి కుండ తీసి కింద పెట్టారు, బొంత లాగేశారు. గూటి వెనక గోడ మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడ్డారు. తర్వాత వేలి కణుపులతో రెండుసార్లు కొట్టారు, నేను కుండల మీద కొట్టినట్టే.

అవతల నుంచి ఒక్కసారిగా దెబ్బల వాన. లెక్క లేదు, ఆగడం లేదు. గూట్లోంచి సున్నం పెళ్ళలు రాలాయి. మా ఆయన చెయ్యి వెనక్కి లాక్కుని, నా వంక చూడకుండా మంచం మీద కూలబడ్డారు.

నేను వెళ్ళాను. చెప్పులు కూడా వేసుకోలేదు. లోపలి వసారాలో ఇంటాయన తల్లి కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. డెబ్భై దాటిన మనిషి.

"అమ్మాయ్, గడప దాటొద్దమ్మా," అంది.

"దాటుతున్నానండీ," అన్నాను.

ఆమె చాట పక్కన పెట్టి లేవబోయింది, లేవలేకపోయింది. తర్వాత ఎందుకో లేవాలనుకోవడం మానేసి, కొంగు నోట్లో కుక్కుకుని అలాగే కూర్చుంది.

ఆ గది తలుపు తియ్యగానే వాసన కొట్టింది. ఆ వాసన నాకు తెలుసు. ఏ నర్సుకైనా తెలుస్తుంది. నాలుగడుగుల దూరంలో గోడ ఇవతల పడుకుని, ఇన్నాళ్ళూ ఆ వాసనని వాడిన పూలు, ఊదొత్తి, మిరపఘాటు అని సరిపెట్టుకున్నాను. అతను గోడవైపు తిరిగి ఉన్నాడు. చేతిలో ఇత్తడి చెంబు, అంచంతా సొట్టలు. మంచం ఎత్తులో గోడకి సున్నం ఊడి, ఇటుక బయటపడి, గిన్నె లోతున గుంట పడి ఉంది. అతను తల తిప్పి చూశాడు. ఆ కళ్ళలో పిచ్చి ఏమీ లేదు.

"నర్సమ్మ గారు మీరేనా?" అన్నాడు.

అవునన్నట్టు తల ఊపాను.

"పక్క పోర్షన్లోకి నర్సమ్మ గారొచ్చారని అమ్మ చెప్పిందండి. అరిస్తే మీరు పాట పెడుతున్నారు. అందుకని కొట్టేవాణ్ణి." కాస్త ఊపిరి తీసుకుని, "నన్ను ఒక్కసారి ఇటు తిప్పుతారా? అమ్మ వల్ల కావడం లేదండి. అన్నయ్యకి తీరికుండదు," అన్నాడు.

మంచం పట్టిన మనిషిని రెండు గంటలకొకసారి పక్కకి తిప్పాలి. ట్రైనింగులో మొదటి వారం చెప్పే పాఠం. దానికి డాక్టరు అక్కర్లేదు, మందు అక్కర్లేదు, రెండు చేతులుంటే చాలు. మేము ఆ ఇంట్లో దిగిన దగ్గర్నుంచి పదకొండు నెలలు అతను అడిగింది అదొక్కటే. తాను అడుగుతున్నది ఎవరినో కూడా తెలిసి, పేరు పెట్టి పిలిచినట్టు నన్నే అడిగాడు. నేను ఆ పిలుపుకి దూది కూరి పాయసం వండుకున్నాను.

తిప్పాను. వీపు కింద, తుంటి దగ్గర ఏముందో ఇక్కడ రాయను. నడుం కింద నొప్పి తెలియదన్న మాట నిజమే. నడుం పైన వీపంతా తెలుస్తుంది, అక్కడ కూడా పుళ్ళున్నాయి. వేణ్ణీళ్ళు పెట్టమని ఆ తల్లిని అడిగితే, ఆమె ఏ మడీ గుర్తు రానట్టు గబగబా పొయ్యి రాజేసింది. ఆసుపత్రి నుంచి తెచ్చుకున్న గాజుగుడ్డ ఇంట్లో ఉంటే తెచ్చాను. కడుగుతున్నంతసేపూ అతను పళ్ళు బిగించి, "హమ్మయ్య, హమ్మయ్య," అంటూనే ఉన్నాడు.

సాయంత్రం ఇంటాయన గోడౌను నుంచి వచ్చాడు. వసారాలోనే పట్టుకున్నాను.

"మీ తమ్ముడికి మతి బాగానే ఉందండీ," అన్నాను.

"నీకు తెలీదులే అమ్మాయ్. ఒక్కో పూట బాగానే మాట్లాడతాడు."

"ఒళ్ళు కుళ్ళిపోతోంది. వాసన మీకు రావడం లేదా?"

ఆయన వీధి వైపు ఒకసారి చూసి, "ఇంట్లో ఇలాంటిది ఉందని నలుగురికీ తెలిస్తే వ్యాపారం సాగుతుందా అమ్మా? నువ్వు చదువుకున్న దానివి, అర్థం చేసుకో," అన్నాడు. బతిమాలుతున్నట్టే అన్నాడు. ఆ మెత్తదనానికే నాకు ఒళ్ళు మండింది. నాలుగు మాటలు అనేశాను. కానీ అంటున్నంతసేపూ, ఆయన తిరిగి ఒక్క మాట అంటే నేను చచ్చిపోతానని భయం వేస్తూనే ఉంది. 'ఇన్నాళ్ళూ నువ్వెక్కడున్నావమ్మా' అంటే చాలు. అనలేదు. ఆ మాత్రం మంచితనం ఆయనకి ఉందో, ఆ మాట తట్టనే లేదో.

మర్నాడు డాక్టరు గారిని తీసుకొచ్చాను. చూసి, చేతులు కడుక్కుంటూ, రెండు నెలల ముందు పిలవాల్సింది సిస్టర్ అన్నారు. విషం రక్తంలోకి ఎక్కింది. రెండు నెలల ముందు అంటే బొంత కూరిన రోజులు.

పన్నెండు రోజులు చేశాను. డ్యూటీకి వెళ్ళేముందు, వచ్చాక, మధ్యలో. నేను లేనప్పుడు మా ఆయన వెళ్ళి తిప్పేవారు. ఆయన అతనితో ఏం మాట్లాడేవారో నాకు తెలియదు. సిస్టమ్ మీద గుడ్డ కప్పేశారు, ఆ పన్నెండు రోజులూ ఇంట్లో పాట లేదు.

ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో, అతనే అడిగాడు. "పాటలు పెట్టడం లేదేం? ఆ ఆదివారం ఒకటి సగంలో ఆగిపోయింది. మిగతాది వినాలనుంది. చిన్నగా పెట్టమనండి."

మా ఆయనతో చెప్పాను. ఆయన గుడ్డ తీసి, రికార్డు తుడిచి, సూది చేత్తో పట్టుకుని చాలాసేపు కూర్చున్నారు. ఇవాళ నా వల్ల కాదు, రేపు పెడతానన్నారు. మర్నాటికి అతనికి స్పృహ లేదు. అంత ఖర్చుపెట్టి, అంత శ్రమపడి కట్టిన సిస్టమ్ మీద ఒక మనిషి నోరు తెరిచి అడిగిన ఒక్క పాటా వినిపించలేకపోయాం.

అతను పోయిన రోజు ఊళ్ళో బందు. దుకాణాలు లేవు, బళ్ళు లేవు. ఎండాకాలం, పైగా ఆ ఒళ్ళు. ఉంచడానికి లేదు. కట్టెలు గోడౌనులోవే సరిపెట్టారు. బియ్యం, నూనె, బట్ట ఇంట్లోనే ఉన్నాయి. కుండకే చిక్కొచ్చింది. చితి చుట్టూ తిరిగేటప్పుడు భుజాన పెట్టుకునే కుండ కొత్తదై ఉండాలి, నీళ్ళు తాగినదీ వండినదీ పనికిరాదు. వీధులన్నీ తిరిగి ఉత్తచేతులతో వచ్చిన గుమాస్తా మా గుమ్మం ముందు ఆగి, లోపలికి చూశాడు. వెనకే ఇంటాయన వచ్చాడు.

"మాస్టారూ, ఆ గూట్లో కుండ... అందులో ఎప్పుడూ నీళ్ళు పొయ్యలేదుగా?"

"లేదండి," అన్నారు మా ఆయన.

వాళ్ళ అమ్మగారు వసారాలోంచే, "మనవాళ్ళ ఇంటిది కాదు కదరా," అంది. అని, తనలో తనే, "పోన్లే. ఆ అమ్మాయి చేతి నీళ్ళే ఆఖరికి వాడి గొంతులో పడ్డాయి," అంది.

మా ఆయన స్క్రూడ్రైవరు తెచ్చుకున్నారు. ఎడమ కుండని ఒళ్ళో పెట్టుకుని ఒక్కో మరా విప్పారు. స్పీకరు తీసి పక్కన పెట్టారు. మూతికి అంటుకున్న సైకిలు ట్యూబు గోళ్ళతో గీకారు. లోపలి దూది గుప్పెళ్ళతో తీశారు, ఒక్క పీచు కూడా మిగలకుండా. తీగ లాగేసి, కుండని రెండు చేతులతో ఎత్తి ఇంటాయన చేతికిచ్చి, చొక్కా వేసుకుని శవం వెంట నడిచారు. మా వాళ్ళెవరూ అలా వెళ్ళరు. నేను ఆపలేదు.

చీకటి పడకముందే వచ్చారు. కృష్ణలో మునిగి వచ్చారేమో, ఒళ్ళంతా తడి. గుమ్మంలోనే నిలబడి చెప్పారు.

"వాళ్ళ అన్నయ్యే తిరిగాడు. మూడు చుట్లు తిరగాలట. చుట్టుకో చిల్లు పొడుస్తారట కత్తితో, నీళ్ళు కారడానికి."

నేను తువ్వాలు అందించాను. ఆయన తీసుకోలేదు.

"రెండే పొడిచారు," అన్నారు. "ఒకటి ముందే ఉందిగా."

అది నేను పెట్టింది. నీటిచుక్కలు వేసుకుంటూ, తొందరపడకుండా, అరపూట కూర్చుని పెట్టాను.